అణువిద్యుత్కేంద్రమున ఊపిరి పరీక్ష

విజయపురి సౌత్ అనగానే శ్రోతలలో పలువురకు నాగార్జునకొండకు పోవు లాంచీల రేవు జ్ఞాపకమునకు వచ్చును. ఇక్ష్వాకుల నాటి రాజధాని పేరు పెట్టుకొని, కృష్ణకు కుడిగట్టున, పల్నాటి సీమలో వెలసిన కాలనీ అది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఆ కుడికాలువ మొదట ఒక జలవిద్యుత్కేంద్రము కలదు. అందు 30 మెగావాట్ల యంత్రములు మూడు. పొలములకు పోవు నీరే దారిలో ఆ యంత్రములను త్రిప్పి, పిమ్మట పల్నాటి చేలవైపు సాగిపోవును.

ఇటీవల ఒక సాయంకాలము ఆ కాలనీలో ఒక పెద్దమనిషి యింటి అరుగుమీద కూర్చుంటిమి. ఆయన ముప్పది యేండ్లకు పైగా విద్యుత్తు పనిలో గడపి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవారు. మాటలలో రాత్రి డ్యూటీల ప్రసంగము వచ్చినది. యౌవనమున వేరొక జిల్లాలో, ఒక కర్మాగారములో పనిచేసిన నాటి ముచ్చట నొకదానిని ఆయన మాకు చెప్పిరి.

"మా గేటు దగ్గర మేస్త్రీగారు నిలబడి, ఒక్కొక్కడి నోరు వాసన చూసి లోపలికి పంపేవారండీ. ఒక రాత్రి మా జతగాణ్ణి ఆపేశారు. పాపం, వాడు దగ్గుకని వైద్యుడిచ్చిన ద్రాక్షారిష్టం పుచ్చుకొని వచ్చాడు. ఎంత చెప్పినా వినలేదు. తెల్లారేసరికి వాడు తాగుబోతని ఊరంతా అనుకున్నారు. కూతురికి వచ్చిన సంబంధం కూడా వెనక్కి పోయింది. ఆ వారంలోనే ఇంకొకడు నిజంగా తాగి, లవంగాలు దట్టించిన కిళ్ళీ నములుతూ అదే గేటు దాటి లోపలికి పోయాడు. యంత్రం పట్టాలో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు తెగిపోయాయి. ముక్కుతో కొలిస్తే అంతేనండీ. ఒకడికి పరువు పోయింది, ఒకడికి వేళ్ళు పోయాయి."

ఈ ముచ్చటలో రెండు తప్పులు కలవు. తాగనివానిని తాగినవాడనుట మొదటిది. తాగినవానిని తాగనివాడనుకొని లోనికి పంపుట రెండవది. సామాన్యమైన కర్మాగారములోనే ఈ రెంటివలన ఇంత నష్టము కలిగినప్పుడు, అణువిద్యుత్కేంద్రము వంటి చోట ఎంత జాగ్రత్త కావలెను? పనిలోనికి వచ్చువారు మద్యము సేవించిరా లేదా అని అట్టిచోట ఎట్లు కొలుతురు? ఆ కొలతను నమ్ముట యెట్లు? మా నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

నీటివలన విద్యుత్తు పుట్టుచోట కూర్చుండి అణువుమాట యేల యని శ్రోతలు అడుగవచ్చును. అణువుమాట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. జలాశయమునకు ఆవలివైపున, నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములందు యురేనియము నిక్షేపములు కలవు. అక్కడ గనులు త్రవ్వవలెనన్న ప్రతిపాదనపై 2000 తరువాతి తొలియేండ్లలో పెద్ద వాదవివాదములు జరిగినవి. 2019లో నల్లమల యురేనియము అన్వేషణ గూర్చియు అట్టి ఆందోళనయే చెలరేగినది. దేశములోని చాల అణువిద్యుత్కేంద్రములకు కావలసిన ఇంధనపు కట్టలు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారగుచున్నవి. వానికి వలసిన భారజలము తయారగు చోట్లలో గోదావరితీరమందలి మణుగూరు ఒకటి. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్కేంద్రము నిర్మింపవలెనన్న ప్రతిపాదన కలదు. కైగాలో, కల్పాక్కములో, తారాపురములో, కూడంకుళములో మన తెలుగు యువకులు ఇంజనీర్లుగా, ఆపరేటర్లుగా, ఫిట్టర్లుగా ఉన్నారు. వారి తల్లిదండ్రులు మన రేడియో శ్రోతలే.

జలవిద్యుత్తునకును అణువిద్యుత్తునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. నీటి మార్గము మూసివేసినచో టర్బైను ఆగును. దానితో పని ముగియును. అణు రియాక్టరు అట్టిది కాదు. నియంత్రణ కడ్డీలు దిగి, అణువుల గొలుసుచర్య ఆగిపోయినను, ఇంధనములో పుట్టిన క్రొత్త పదార్థములు వేడిని విడుచుచునే యుండును. ఆగిన మరుక్షణమున ఆ వేడి పూర్తి వేడిలో నూటికి సుమారు ఆరు వంతులు. కైగాలోనివంటి 220 మెగావాట్ల రియాక్టరును తీసికొందము. దానినుండి వచ్చు మొత్తము వేడి 750 మెగావాట్ల ప్రాంతమున నుండును. అందు ఆరు వంతులనగా ఇంచుమించు 45 మెగావాట్లు. కుడికాలువ కేంద్రములోని ఒక యంత్రము పూర్తిగా తిరిగినప్పుడు ఇచ్చు శక్తికంటె ఆగిపోయిన ఆ రియాక్టరులోని వేడియే అధికమన్నమాట. అది గంటగంటకు తగ్గుచుండును గాని, దినములకొలది చల్లబరచుచునే యుండవలెను.

2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాలో భూకంపము రాగానే, నడచుచున్న రియాక్టర్లు తమంత తామే ఆగిపోయినవి. పిమ్మట వచ్చిన సునామీ విద్యుత్తును దెబ్బతీయగా, చల్లబరచు ఏర్పాటు తప్పి ఇంధనము కరగిపోయినది. అక్కడ మద్యము ప్రసక్తి లేదు. అణుకేంద్రములో ఆపుటతో పని ముగియదు, ఆపిన పిమ్మటనే మనుష్యుల మెలకువ ఎక్కువగా కావలెనని తెలుపుటకే ఈ దృష్టాంతము చెప్పితిమి.

ఇట్టి కేంద్రములలో అపాయము రాగానే రియాక్టరు దానంతట అదియే ఆగును. ఒక పంపు చెడినచో మరియొకటి అందుకొనును. ఒక తాగుబోతు మీట నొక్కినంతమాత్రమున మహోపద్రవము జరుగునని భయపెట్టుట మా ఉద్దేశము కాదు. ఐనను ఆ పంపులను మరమ్మతు చేయువారు మనుష్యులు. వాల్వు తెరచితినని పుస్తకములో వ్రాయువారు మనుష్యులు. కంట్రోల్ రూములో రాత్రి మూడు గంటలకు పది దీపములు ఒక్కసారిగా వెలిగినప్పుడు, వానిలో ఏది ముఖ్యమో నిర్ణయించువారును మనుష్యులే. మద్యము మొదట దెబ్బతీయునది ఈ నిర్ణయశక్తినే. కొద్దిపాటి మద్యము లోపల నున్నవాడు తూలడు, మాట తడబడడు. రెండు విషయములపై ఒకేసారి దృష్టి నిలుపుట మాత్రము వానికి కష్టమగును. చేయి కదలుట కొంత ఆలస్యమగును. ధైర్యము మాత్రము పెరుగును. చూచువారికి అతడు మామూలుగనే కనబడును గనుక ముక్కును, కంటిని నమ్మరాదు. కొలత కావలెను.

కొలతను గూర్చి చెప్పుటకు ముందు ఇండ్లలో నున్నవారు తెలిసికొనదగిన లెక్క యొకటి యున్నది. రక్తములోని మద్యసారమును 100 మిల్లీలీటర్ల రక్తమునకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుతురు. మన దేశములో మోటారు వాహనముల చట్టము ప్రకారము 30 మిల్లీగ్రాములు దాటినవాడు బండి నడిపినచో నేరము. కడుపులోనికి పోయిన మద్యసారమును కాలేయము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించును. కొందరిలో కొంత వేగముగను, కొందరిలో కొంత మెల్లగను తగ్గును. ఒకడు పెండ్లివిందులో బాగుగా త్రాగి, రాత్రి పదునొకండు గంటలకు 150 మిల్లీగ్రాములతో పడుకొనెననుకొందము. తెల్లవారి ఆరు గంటలకు ఏడు గంటల కాలము గడచినది. ఏడు పదునైదులు నూటయైదు. 150లో 105 పోగా ఇంకను 45 మిగులును! అతడు నిద్రపోయినాడు, స్నానము చేసినాడు, మజ్జిగ త్రాగినాడు, ఇడ్డెనలు తిన్నాడు. ఐనను అతని రక్తములో రాత్రి ఇంకను తెల్లవారలేదు. కాఫీగాని, నిమ్మరసముగాని, చన్నీళ్ళుగాని కాలేయమును తొందరపెట్టజాలవు. కాలమొక్కటే దానికి మందు.

ఇక కొలత సంగతి. రక్తము ఊపిరితిత్తులగుండా పోవునప్పుడు అందలి మద్యసారము కొంత గాలిలోనికి చేరును. 2,100 మిల్లీలీటర్ల లోతైన ఊపిరిలో ఎంత మద్యసారముండునో, 1 మిల్లీలీటరు రక్తములో ఇంచుమించు అంతయే యుండునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. స్వీడను దేశస్థుడు ఎరిక్ విడ్మార్క్ రక్తములో మద్యసారము ఎట్లు ఎక్కి ఎట్లు దిగునో శోధించెను. అమెరికాలోని ఇండియానాలో 1930ల నాడు రోలా హార్గర్ అను శాస్త్రజ్ఞుడు బుడగలోనికి ఊదించి పరీక్షించు సాధనమును నిర్మించెను. ఆ రాష్ట్రపు పోలీసు శాఖకు చెందిన రాబర్ట్ బోర్కెన్‌స్టయిన్ 1954లో బ్రెతలైజరును కనిపెట్టెను. అందు పసుపుపచ్చని డైక్రోమేటు ద్రావణముండును. ఊపిరిలో మద్యసారమున్నచో అది ఆకుపచ్చగా మారును. రంగు మారిన మేరను బట్టి లెక్క తెలియును.

నేటి మేలైన యంత్రములలో ద్రావణమునకు బదులు ఫ్యూయెల్ సెల్ అను చిన్న బిళ్ళ యుండును. ప్లాటినపు పూతమీద మద్యసారము ఆమ్లముగా మారునప్పుడు కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. ఎంత మద్యసారమో అంత విద్యుత్తు. మన ఆర్టీసీ డిపోలలో బండి నెక్కబోవు డ్రైవరు ఊదునట్టి బ్రీత్ అనలైజర్లు పలువురకు పరిచయమే. చూచుటకు చేతిలో నిముడు పెట్టె. అంకె కనబడగానే తీర్పు వచ్చినదని మనమనుకొందుము. ఆ అంకె వెనుక ఎన్ని మెలకువలు కావలెనో మాత్రము ఆలోచింపము.

2025 జూలైలో కేరళలోని పందళము బస్సు డిపోలో ఒక వింత జరిగినది. ఉదయము డ్యూటీకి వచ్చిన డ్రైవర్లు కొందరు మద్యము ముట్టలేదని ఎంత చెప్పినను, ఊదినప్పుడు యంత్రము వారు త్రాగిరనియే చూపినది. విచారింపగా, వారిలో ఒకరు ఇంటినుండి పనసపండు తెచ్చిరనియు, అందరును ఆ తొనలు తిని వెంటనే ఊదిరనియు తెలిసినది. పరీక్షలో సున్న వచ్చిన ఒకరికి ఆ తొనలే తినిపించి మరల ఊదించిరి. ఆయనకును మద్యమున్నట్లే అంకె వచ్చినది! మిగుల మాగిన తీయని పండులో సహజముగా పులియుటవలన కొంచెము మద్యసారము పుట్టును. అది రక్తములోనికి చేరినది కాదు. నోటిలో నిలిచినది మాత్రమే. యంత్రము అబద్ధమాడలేదు. నోటిలో మద్యసారమున్న మాట నిజమే. నోటిలోనిదానిని రక్తములోనిదిగా లెక్కించుటయే పొరపాటు.

మా పెద్దమనిషి చెప్పిన ద్రాక్షారిష్టపు కథయు ఇట్టిదే. అరిష్టములు, ఆసవములు, కొన్ని దగ్గుమందులు, నోరు పుక్కిలించు ద్రవములు, హోమియోపతి చుక్కలు — వీనిలో మద్యసారముండును. నోటిలో నిలిచిన ఈ మద్యసారము పావుగంటలో చాలవరకు పోవును. అందుచే మంచి పద్ధతిలో మొదటి నియమము ఓపిక. ఊదుటకు ముందు పదునైదు నిమిషములపాటు ఏమియు తినక, త్రాగక, నములక, మనిషిని ఎదుట కూర్చుండబెట్టవలెను. త్రేనుపు వచ్చినను లెక్క మరల మొదటినుండి ప్రారంభము. పందళములో ఆ పావుగంట గడచియుండినచో ఆ రభస పుట్టెడిది కాదు.

రెండవది యంత్రపు నాణ్యము. చౌకయైన కొన్ని సాధనములలోని బిళ్ళలు మద్యసారమునే గాక, దానికి దగ్గరి ఇతరావిరులను చూచియు చలించును. మధుమేహము ముదిరినవారి ఊపిరిలో ఎసిటోను అను పదార్థముండును. అట్టి సాధనము దానినే మద్యసారమని భ్రమపడవచ్చును. ఫ్యూయెల్ సెల్‌కు ఆ దోషము దాదాపు లేదు. ఐనను అదియు కాలక్రమమున మందగించును. ఎంత వేడిలో, ఎంత చలిలో అది సరిగా పనిచేయునో తయారించినవారు నిర్ణయించియే యుందురు. మన పల్నాటిలో రెంటచింతల ఎండలను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవి మధ్యాహ్నమున గేటు ప్రక్క రేకుల గదిలో పెట్టిన యంత్రమును, చల్లని గదిలో భద్రపరచిన యంత్రమును ఒక్కరీతిగా నమ్మవచ్చునా?

కాబట్టి మూడవ నియమము తూకపురాయి. కొట్టులోని తక్కెడను తూనికలశాఖవారు ముద్రవేసిన రాళ్ళతో సరిచూచినట్లే, ఈ యంత్రమును గూడ, లెక్క తెలిసిన మద్యసారపు ఆవిరితోగాని వాయువుతోగాని సరిచూడవలెను. ఏ తేదీన ఎవరు చూచిరో, అంకె ఎంత వచ్చెనో వ్రాసియుంచవలెను. సరిచూచినప్పుడు యంత్రము తప్పినచో దానిని ప్రక్కన పెట్టుట మాత్రమే చాలదు. క్రిందటిసారి సరిగా నున్నదని తేలిన నాటినుండి నేటివరకు అది ఎవరెవరిని దోషులని చూపెనో, ఆ ఫలితములన్నిటిని కొట్టివేయవలెను. అట్లు చేయని సంస్థ తన పొరపాటును పనివాని నెత్తిన రుద్దినట్లగును.

అణువిద్యుత్కేంద్రముల విషయములో ఈ నియమములను సవిస్తరముగా వ్రాసికొన్న దేశములలో అమెరికా యొకటి. విధినిర్వహణకు తగిన స్థితి అను పేర అక్కడి అణు నియంత్రణ సంఘము 1989లో ప్రకటించిన నిబంధనలు 1990 జనవరినుండి అమలులోనికి వచ్చినవి, 2008లో సంస్కరింపబడినవి. వాని ప్రకారము పనికి ముందు ఐదు గంటలపాటు మద్యము ముట్టరాదు. మన దేశములో విమానములు నడుపువారికి ఆ గడువు పండ్రెండు గంటలు. మొదటి పరీక్షలో 20 మిల్లీగ్రాములకు లోబడిన అంకె వచ్చినవాడు నిర్దోషి. అంతయో అంతకు మించియో వచ్చినంతమాత్రమున అతడు దోషి కాడు. ముప్పది నిమిషములు దాటకుండ, సాక్ష్యమునకు పనికివచ్చు మేలైన యంత్రముతో రెండవ పరీక్ష జరుపవలెను. తీర్పు ఆ రెండవదానిపై ఆధారపడును.

ఆ తీర్పులో ఒక చక్కని మెట్లలెక్క కలదు. రెండవ పరీక్షలో 40 మిల్లీగ్రాములున్నచో దోషి. పనిలో ప్రవేశించి ఒక గంట గడచినవానికి 30 ఉన్నను దోషియే. రెండు గంటలు గడచినవానికి 20 ఉన్నను దోషియే. పైకి చూచుటకు ఇది అన్యాయముగా తోచును. ఇందాక మనము వేసిన కాలేయపు లెక్కను జ్ఞాపకము చేసికొన్నచో దీని న్యాయము తెలియును. పనిచేయుచున్న కాలములో లోపలి మద్యసారము గంటగంటకు తగ్గుచునే యున్నది గదా! రెండు గంటల తరువాత 20 ఉన్నవాడు గేటు దాటునప్పుడు 40 ప్రాంతముననో, అంతకు పైననో యుండి తీరవలెను. ఆలస్యముగా పట్టుబడినంతమాత్రమున తప్పించుకొనరాదని ఈ మెట్లు కట్టిరి. పనసతొన తిన్నవానిని కాపాడునది పావుగంట నియమము. నిజముగా త్రాగినవానిని జారిపోనీయనిది ఈ మెట్లలెక్క. నమ్మదగిన పరీక్షకు ఈ రెండు చేతులును ఉండవలెను.

ఇంకొక విషయము. ప్రతి సోమవారము ఉదయమున మాత్రమే పరీక్ష జరుగుచోట సోమవారపు ఉదయము మాత్రమే అందరు శుద్ధులుగా నుందురు. కాబట్టి చీట్లు తీసినట్లు, ఎవరికి ఎప్పుడు పిలుపు వచ్చునో తెలియకుండ పిలువవలెను. అమెరికా నిబంధనలలో సంవత్సరమునకు కనీసము నూటికి ఏబది వంతు పరీక్షలు ఈ విధముగా జరుపవలెనని యున్నది. ఆ చీట్లలో ఆపరేటరు పేరున్నట్లే ప్రధానాధికారి పేరును ఉండవలెను. కాంట్రాక్టు కూలి పేరును ఉండవలెను. పరీక్ష జరుపువాని పేరును ఉండవలెను. ఒకనికి బదులు మరియొకడు ఊదకుండ మనిషిని గుర్తించి, అంకెను చేతితో వ్రాయుటకు బదులు యంత్రమే అచ్చువేయునట్లు చూడవలెను. అధికారుల కారు ఆగకుండ పోయి, కూలీల వరుస మాత్రమే ఆగు గేటులో, యంత్రమెంత మంచిదైనను పరీక్షకు గౌరవముండదు. గౌరవము లేని పరీక్షను తప్పించుకొనుటకు మనుష్యులు వేయి ఉపాయములు వెదకుదురు.

మా పెద్దమనిషి మరియొక ప్రశ్న వేసిరి. "వరద వచ్చిందనుకోండి. సాగరం ఇరవై ఆరు గేట్లలో కొన్ని ఎత్తాలి. పండగ రాత్రి, సెలవులో ఉన్నవాణ్ణి లేపి రమ్మంటారు. వాడు ఇంట్లో కొంచెం పుచ్చుకొని ఉంటాడు. రానంటే ఉద్యోగానికి ముప్పు, వస్తే ప్రమాదం. ఏం చెయ్యాలండీ వాడు?" అణుకేంద్రములలోను ఈ చిక్కు కలదు. దీనికి ఆ నిబంధనలలో ఒక మంచి సమాధానము దొరకినది. అనుకోకుండ పిలువబడినవాడు తాను ఇంతకుముందే మద్యము సేవించితినని దాపరికము లేకుండ చెప్పవలెను. విశ్రాంతి సమయమున త్రాగినందుకు మాత్రమే అతనిని శిక్షింపరాదు. అతని స్థితిని కొలిచి, పనికి తగునో తగడో నిర్ణయింతురు. నిజము చెప్పినవానికి శిక్ష లేనిచోట నిజము చెప్పువారు పెరుగుదురు. ఏ యంత్రమును పట్టలేని అపాయమును ఒక నిజమైన మాట పట్టగలదు.

మన దేశములోని ఒక ఉదాహరణము ఇక్కడ చెప్పదగియున్నది. 2009 నవంబరులో కర్ణాటకములోని కైగా కేంద్రమున, ఉద్యోగులకు యథావిధిగా జరుపు మూత్రపరీక్షలలో పలువురి దేహములందు ట్రిటియము అను పదార్థము మామూలుకంటె అధికముగా నున్నట్లు తేలినది. ఇది మద్యమునకు సంబంధించినది కాదు. రేడియో ధార్మికతకు సంబంధించినది. ఆ అంకెలను చూచి, ఆ ఉద్యోగులే అజాగ్రత్తగా మెలగిరని ఎవరైన తీర్పు చెప్పియుండిరేని ఎంత అన్యాయము జరిగియుండెడిది! విచారింపగా, పనిస్థలములోని ఒక త్రాగునీటి కూలరులో ట్రిటియముతో కూడిన భారజలము కలసినదని తెలిసినది. ఎవరో కావలెననియే కలిపిరని అధికారులు ప్రకటించిరి. నిర్దోషులైన ఉద్యోగులు ఆ నీరు త్రాగిరి. యథావిధిగా పరీక్ష జరుగుచుండుటవలననే ఆ సంగతి బయటపడినది. అంకెను చూచి మనిషిని దోషి యనక, ఆ అంకె ఎట్లు వచ్చినదని వెదకుటవలన అసలు చోటు తెలిసినది. లోపల ఏమున్నదో కొలత చెప్పును. అది ఎట్లు వచ్చినదో మనుష్యులే విచారింపవలెను.

మన న్యాయస్థానములును ఈ మెలకువను గుర్తించినవి. 1971లో సుప్రీంకోర్టు, మహారాష్ట్రమునుండి వచ్చిన ఒక అప్పీలులో, నోటివాసనయు, తూలుచున్న నడకయు, తడబడు మాటయు, విప్పారిన కనుపాపయు ఉన్నంతమాత్రమున, రక్తముగాని మూత్రముగాని పరీక్షింపనిదే, మనిషి త్రాగినాడని నిశ్చయింపజాలమని పలికినది. గేటువద్ద నిలిచి వాసన చూచిన మేస్త్రీగారికి ఆనాడు ఆ మాట వినబడియుండినచో, ఒక యింటి పెండ్లి నిలిచిపోయెడిది కాదు.

మన దేశములో అణుకేంద్రముల భద్రతను చూచుటకు 1983లో అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. ఏ కేంద్రమైనను, అది నేడు నడచుచున్నదైనను, రేపు మన తీరమున రాబోవునదైనను, పరీక్ష పెట్టితిమని చెప్పినంతమాత్రమున తృప్తిపడరాదని మా మనవి. పౌరులు ఐదు ప్రశ్నలు అడుగవచ్చును. ఊదుటకు ముందు పావుగంట కూర్చుండబెట్టుచున్నారా? మొదటి అంకెపై రెండవ పరీక్ష కలదా? యంత్రమును చివరిసారి ఎప్పుడు సరిచూచిరి? పై అధికారిమొదలు కూలివరకు అందరును చెప్పక పిలుచు చీటీకి లోబడినవారేనా? కాదనువాని మొర వినుటకు, పరీక్షించినవాడు గాక వేరొకడు ఉన్నాడా? ఈ ఐదింటికి అవునని జవాబు వచ్చినచో ఆ పరీక్షను ఊరివారును నమ్మవచ్చును, పనివారును నమ్మవచ్చును. ఒక్కదానికి కాదని వచ్చినను, ఆ గేటువద్ద యంత్రమున్నను, అది మేస్త్రీగారి ముక్కుకంటె పెద్ద మేలు కాదు.

పట్టుబడినవానిని గూర్చియు ఒక మాట. మద్యమునకు బానిసయైనవాడు దొంగ కాడు, రోగి. ఆ దినము అతనిని రియాక్టరు దరికి రానీయకుండుట ఎంత అవసరమో, మరునాడు అతనిని వైద్యుని దరికి చేర్చుట అంత అవసరము. ఉద్యోగము పోవునన్న భయమే మిగిలినచో, తోడివారు వానిని దాచుదురు, భార్య దాచును, చివరకు వాడు తననుండి తానే దాచుకొనును. చికిత్స పొంది, మరల పరీక్షలలో నిలిచి, పనిలోనికి తిరిగి వచ్చు దారి యొకటి తెరచియుంచిన సంస్థలో, తోడివారే ముందుగా హెచ్చరింతురు. ఇండ్లలోని ఆడువారికి కూడ ఇందు పాత్ర కలదు. ఉదయము డ్యూటీకి పోవలసిన రాత్రి విందులో మరియొక గ్లాసు పోయబోవు బంధువునకు ఏడు పదునైదుల లెక్క చెప్పి ఆపగలవారు వారే.

చీకటి పడినది. కాలనీలో దీపములు వెలిగినవి. రాత్రి డ్యూటీకి పోవు ఒక యువకుడు సైకిలు ఆపి, పెద్దమనిషికి నమస్కరించి, చేతిలోని టిఫిను క్యారియరుతో వెడలిపోయెను. ఆయన అతనిని కనుమరుగగువరకు చూచి, "వాళ్ళ నాన్నేనండీ, ఆ రాత్రి గేటు దగ్గర ఆగిపోయింది," అనిరి. ఆ దగ్గు మనిషి నేడు లేడు. ఆ సంబంధము తప్పిన బిడ్డకు పిమ్మట రెండేండ్లకు వేరొక యింట పెండ్లి జరిగినదట. "ఆయన చివరిదాకా ఒకటే అనేవాడండీ. నన్ను ఆపినందుకు నాకు బాధ లేదు, నన్ను ఇంకోసారి కొలవనందుకే బాధ అని."

ఆ మాట విని మేము లేచి వచ్చితిమి. అణువిద్యుత్కేంద్రపు గేటువద్ద ఊపిరి కొలుచు ప్రతి అధికారియు ఆ మాటను మనస్సున నుంచుకొనుగాక.